దొమ్మ రోగముతో చచ్చిన పశువును కోయరాదు



తొలకరి వానలకు బీడులలో పచ్చిక మొలవగానే, వేసవియంతయు ఎండుగడ్డితో గడపిన పశువులు నేలకంట మేయును. ఆ దినములలో సాయంకాలము చక్కగా మేసివచ్చిన యెద్దు తెల్లవారునప్పటికి కొట్టములో చచ్చి పడియుండుట మీలో కొందఱెఱుగుదురు. కడుపుబ్బి, ముక్కునుండియు గుదమునుండియు గడ్డకట్టని నల్లని రక్తము కారుచుండినచో దొమ్మ రోగమని అనుమానింపవలెను.

కొన్ని యేండ్ల క్రిందట నేను పోయిన యొక గ్రామములో ఇట్లే యొక యెద్దు చచ్చెను. "ఎద్దు ఎట్లును పోయినది, తోలయినను దక్కవలదా?" అని యజమాని దానిని చెఱువుగట్టు క్రింద ఒలిపించెను. నేను చేరునప్పటికే పని ముగిసియుండెను. ఒలిచినవాని ముంజేతిపై నాలుగవనాడు పొక్కు లేచి, నడుమ బొగ్గువలె నల్లబడి, చుట్టును వాచెను. నొప్పి మాత్రము లేదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోయినందున పెనిసిలిన్ సూదులచే బ్రదికెను. మఱుసటి తొలకరిలో ఆ గట్టున మేసిన రెండు పశువులు చచ్చెను.

ఇది దిష్టియు కాదు, గాలియు కాదు. కంటి కగపడని సూక్ష్మజీవి దీనికి కారణము. జర్మనీ దేశపు వైద్యుడు రాబర్టు కాక్ 1876వ సంవత్సరములో దీనిని సూక్ష్మదర్శనితో పరీక్షించి, దాని జీవితక్రమమును లోకమునకు తెలిపెను. ఇది చిన్న పుల్లవంటి రూపము గలది. వేయింటిని ప్రక్కప్రక్కన పేర్చినను ఆవగింజ వెడల్పునకు మించవు.

కోయని కళేబరములో గాలి చొరదు గనుక, కుళ్లుటతో నీ జీవులు చాలవఱకు కొన్ని దినములలో నశించును. కోసి రక్తమును నేలపాలు చేసినచో, గాలి తగిలి ఇవి గట్టి పొరగల బీజములుగా మాఱును. గాదెలోని విత్తనము అదనుకై వేచియున్నట్లు, ఆ బీజములు మట్టిలో పదులకొలది యేండ్లు వేచియుండును. ఎండకు చావవు, వానకు చావవు. గడ్డితో కూడ పశువు నోటబడగానే మరల మొలకెత్తును. కాబట్టి కోసినవాడు రోగమును తన పొలములో విత్తినవాడే.

దీనికి టీకా కలదు. 1881లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు 24 గొఱ్ఱెలకు టీకా వేసి, మఱి 24 గొఱ్ఱెలకు వేయక, తరువాత అన్నిటికిని రోగక్రిములను ఎక్కించెను. జూన్ 2వ తేదీన చూడగా టీకా వేసినవి నిలిచియుండెను; వేయని వన్నియు ఆ దినము ముగియులోపల చచ్చెను. నేటి టీకా అంతకంటె మేలైనది. రోగము వచ్చిన గ్రామములందు ఏటేట తొలకరికి నెల ముందుగా వేయింపవలెను.

పశువు అకస్మాత్తుగా చచ్చినచో కోయకుడు, ఒలువకుడు, మాంసము తినకుడు. ఉడికించినంతమాత్రమున భయము తీఱదు. కుక్కలను, గద్దలను చేరనీయక పశువైద్యునకు కబురంపుడు. ఆయన చెప్పినట్లు కళేబరమును, రక్తము తడిసిన మట్టిని, గడ్డిని కాల్చుడు. లేదా ఆఱడుగుల లోతున పూడ్చుడు.

తోలు విడుచుట బీదరైతునకు కష్టమే. కావున మన సంఘ సభ్యులు తలకొంచెము వేసికొని ఆ తోలు వెల నతని కిచ్చినచో ఎవడును కత్తి పట్టడు. ఒక్కని నష్టమును పదిమంది పంచుకొనుటయే కదా సహకారము! ఆ కొద్ది సొమ్ము ఊరి మందను కాపాడును.