నురుగు – శుభ్రత

జిడ్డుతో గూడిన మైల వట్టి నీటికి లొంగదు. నీటికిని జిడ్డునకును సంధి గూర్చునదే క్షాలకము. దాని యణువున నొక కొన నీటిని, వేరొక కొన జిడ్డును బట్టుకొనును. అరకు మన్యమున గిరిజనులు సేకరించు కుంకుడుకాయలోని సాపోనిను చేయు పనియు నిదియే. 1956లో నెలకొల్పబడిన గిరిజన సహకార సంస్థ యా కాయలను వారియొద్ద కొని పట్టణములకు జేర్చుచున్నది.

1914–18 సంగ్రామమున క్రొవ్వులకు కరవు వచ్చి జర్మనీ రసాయనజ్ఞులు కృత్రిమ క్షాలకములను గల్పించిరి. నేడు మన మింటింట వాడు డిటర్జెంటు పొడులు వాని సంతతియే. ఉప్పునీట సబ్బు తెట్టెగట్టును, ఇవి కట్టవు. ఈ గుణము కాదనరానిది. కాని పొడులందలి క్షారము చర్మపు సహజమైన జిడ్డును హరించి చేతులకు పగుళ్లు దెచ్చును. కొన్నిటియందలి ఫాస్ఫేటులు నిలువనీట నాచును బెంచును. ఆ నాచు క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. కుంకుడును నిర్దోషి గాదు: కంట బడిన మండును, దాని రసము చేపలకు విషము.

కావున దోషము నురుగుది గాదు, మన యజాగ్రత్తది. కొండ గెడ్డలో గుడ్డలుతుకువాడు దిగువ పల్లె త్రాగునీటిలో నుతుకుచున్నాడు. నీరు ముంచి దూరముగా గట్టునకు దెచ్చి, కొలతగా పొడి వేసి, మురుగును నేలకు విడుచుట యెంత పని? మన మైలను పొరుగువాని కుండలోనికి బంపుట శుభ్రత గాదు.