మంగు కాయలతో మంచు షర్బతు

గత వేసవి ఆరంభమున మేము మోతె గ్రామమునకు పోయినప్పుడు ఒక రైతు ఇంటి ముంగిట బత్తాయి కాయలు రెండు కుప్పలుగ పోసియుండెను. మొదటి కుప్ప నిగనిగలాడుచు బజారునకు పోవు బండికొఱకు వేచియుండెను. రెండవ కుప్పలోని కాయల తొక్కలపై తుప్పువంటి గోధుమరంగు మచ్చ క్రమ్మియుండెను. అవి మంగు కాయలు. కంటికి కానరాని మంగునల్లి లేతకాయ తొక్కను గీరి రసము పీల్చుటవలన ఈ మచ్చ కలుగునని తోటల రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మచ్చ మితిమీఱనంతవఱకు అది తొక్కకే గాని తొనకు కాదు. మేము రెండు కుప్పలనుండియు చెఱియొక కాయ కోయించి రుచి చూచితిమి, భేదము తెలిసికొనలేకపోతిమి. కాని కొనువాడు కాయ ముఖము చూచి ధర కట్టును, రుచి చూచి కట్టడు. "ఈ కుప్పను ఏమి చేయుదురు?" అని అడిగితిమి. "వచ్చినకాడికి అమ్ముట, మిగిలినవి బఱ్ఱెలకు వేయుట. ఇంకేమున్నది సారూ!" అని ఆ రైతు బదులు చెప్పెను.

ఆ మాట ముగియకమునుపే వీధిలో గంట మ్రోగెను. ఆ ఇంటి పిల్లలిద్దఱు పరుగెత్తిపోయి, చెఱి పది రూపాయలు ఇచ్చి, ఎఱ్ఱని రంగునీటి ఐసుపుల్లలు కొని తెచ్చుకొనిరి. పండు పండించువాని పిల్లలు పండురసము లేని నీటిని డబ్బిచ్చి కొనుట చూచి మా మనస్సు చివుక్కుమనెను. నేడు పల్లెయిండ్లలో మిక్సీయు ఫ్రిజ్జును అరుదైన వస్తువులు కావు. ఆ రెండింటి సాయముతో మంగు కాయలను పిల్లలు మెచ్చు చల్లని పదార్థముగ మార్చు విధమును ఆ ఇంటనే చేసి చూపితిమి. దానినే సంఘ సభ్యులందఱి యుపయోగముకొఱకు ఇచట వ్రాయుచున్నాము.

షర్బతునకు తోబుట్టువు

ఈ పదార్థమునకు సోర్బెట్టు అని పేరు. పేరు క్రొత్తదిగ వినబడినను మాట మనకు పాతదే. త్రాగుట అను అర్థముగల అరబ్బీ ధాతువునుండి పుట్టిన షర్బతు అను మాట తురుష్కులద్వారా ఇటలీకి పోయి, అచటినుండి ఫ్రాన్సు చేరి, సోర్బెట్టు అయ్యెను. కావున నిమ్మకాయ షర్బతు చేయనేర్చిన ఇల్లాలు ఇందు సగము పని నేర్చినట్లే. మిగిలిన సగము దానిని గడ్డకట్టించుట. ఐస్‌క్రీమునకు పాలును మీగడయు కావలెను. దీనికి పండురసము, చక్కెర, కొంచెము నిమ్మరసము చాలును.

ఒకప్పుడు మన దేశమున వేసవి చల్లదనము ప్రభువులకే దక్కినది. అక్బరు కొలువులో నీటిని చల్లబఱచుటకు సురేకారమును వాడుచుండిరని అబుల్ ఫజలు అయిన్-ఇ-అక్బరీలో వ్రాసెను. 1833 లో అమెరికాలోని బోస్టను రేవునుండి మంచుగడ్డలు ఓడలో నాలుగు నెలలు ప్రయాణము చేసి కలకత్తా చేరినవి. అట్టి మంచును నిలువచేయుటకు మద్రాసు సముద్రతీరమున 1842 లో కట్టిన ఐస్ హౌసు నేటికిని నిలిచియున్నది. సముద్రములు దాటి వచ్చిన ఆ మంచు నేడు మన వంటయింటి మూలనున్న పెట్టెలోనే తయారగుచున్నది. దానిని వాడుకొను తెలివియే మనకు కావలసినది.

చక్కెర చేయు పని

మా మొదటి ప్రయత్నము చెడినది. దోషము మాదే. "కాయ తియ్యగనే యున్నది, ఇంత చక్కెర ఎందులకు సారూ?" అని ఇల్లాలు అనగా మేము మొగమాటపడి కొలతలో సగమే వేయించితిమి. మఱునాటి ఉదయము గిన్నె తీసి చూడగా అది ఱాయివలె బిగిసియుండెను. చెంచా వంగిపోయెను. ఆ ఇంటి ముసలమ్మ నవ్వి, "దీనిని నోటితో తినవలెనా అయ్యా, గొడ్డలితో నఱుకవలెనా?" అని అడిగెను. మా కొలతల కాగితముకంటె ఆమె మాటయే ఆ ఊరివారికి పాఠమును బాగుగ నేర్పినది.

అట్లేల జరిగినది? శుద్ధమైన నీరు సున్న డిగ్రీలయొద్ద గడ్డకట్టును. చక్కెర కరగిన నీరు అంతకంటె చల్లనైనగాని గడ్డకట్ట నారంభింపదు. ఆరంభించినను, ముందు నీరుమాత్రమే మంచుగ విడిపోవును. మిగిలిన ద్రవములో చక్కెర పాలు హెచ్చుచుండును గాన అది మఱింత చిక్కని పాకమై, గడ్డకట్టక మంచు రేణువుల నడుమ నిలుచును. ఆ పాకమే సోర్బెట్టును మెత్తగ నుంచును. చక్కెర తక్కువైన ఱాయి యగును; మితిమీఱిన ఎంతసేపటికిని బిగియక జారుచుండును. పండులోని తీపితో కలిపి మొత్తము బరువులో నాలుగవ వంతు చక్కెర యుండుట సరియైన కొలత. నాలుకకు చలి తగిలినప్పుడు తీపి తక్కువగ తోచును. కావున కలిపినప్పుడు కొంచెము అతితీపిగ నున్నచో భయపడవలదు.

ఈ కొలతను తెలిసికొనుటకు పాత వంటవారి ఉపాయ మొకటి కలదు. కలిపిన రసమును కొంచెము వేఱు గ్లాసులో పోసి, కడిగిన క్రొత్త కోడిగ్రుడ్డును అందు విడువవలెను. గ్రుడ్డు మునిగిన చక్కెర చాలలేదు. తేలి, పైన రూపాయి బిళ్ళయంత భాగము కనబడిన సరిపోయినది. అంతకు మించి కనబడిన చక్కెర హెచ్చైనది. పరీక్షించిన రసమును పాఱబోయవలెను. ఈ పరీక్ష పలుచని రసములకే గాని మామిడి గుజ్జువంటి చిక్కనివానికి పనికిరాదు.

బత్తాయి సోర్బెట్టు చేయు విధము

సుమారు రెండున్నర కిలోల బత్తాయి కాయలకు ఒక లీటరు రసము వచ్చును. దానికి పావుకిలో చక్కెరయు, ఒక చిన్న గ్లాసెడు, అనగా 150 మిల్లీలీటర్ల నీరును, రెండు పెద్ద చెంచాల నిమ్మరసమును, చిటికెడు ఉప్పును కావలెను.

1. చక్కెరను నీటిలో వేసి, పొయ్యిమీద పెట్టి, ఒక పొంగు రానిచ్చి దింపి పూర్తిగ చల్లార్చవలెను.

2. కాయలను కడిగి, అడ్డముగ కోసి, చేతితో పిండి వడకట్టవలెను. తొనలను గింజలతోగూడ మిక్సీలో వేయరాదు. బత్తాయి గింజలందును తెల్లని పొరయందును చేదునకు కారణమగు పదార్థము కలదు. పిండిన రసము ఊరక నిలువయున్నను చేదెక్కును. కావున పాకము చల్లారిన పిమ్మటనే కాయలు కోయుట మేలు.

3. పాకము, రసము, నిమ్మరసము, ఉప్పు కలిపి, వెడల్పైన లోతు తక్కువ స్టీలు పళ్ళెరములో పోసి, మూతపెట్టి, ఫ్రిజ్జు పైయఱలో ఉంచవలెను. లోతు తక్కువైనకొలది త్వరగ బిగియును. త్వరగ బిగిసినకొలది మంచు రేణువులు సన్నముగ నుండును. గడ్డకట్టునప్పుడు నీరు ఉబ్బును గాన పాత్రను అంచువఱకు నింపరాదు. గాజు పాత్రలు పగులును.

4. రెండు గంటలకు అంచులు బిగియును. అప్పుడు చెంచాతో గీరి నడిమి రసములో కలుపవలెను. గంటకొకమాఱు చొప్పున ఇట్లు మూడుమాఱులు చేయవలెను. తోడుకొను పెరుగును కదపరాదు. గడ్డకట్టు సోర్బెట్టును కదపక విడువరాదు.

5. రాత్రియంతయు బిగియనిచ్చి, ఉదయము ముక్కలు చేసి, కొంచెము కొంచెముగ మిక్సీలో వేసి, ఆపి ఆపి త్రిప్పవలెను. ఒక్కపెట్టున నింపి త్రిప్పిన మోటారు వేడెక్కి చెడును. వెన్నవలె తెల్లబడగనే తీసి, మఱల ఒకటి రెండు గంటలు పైయఱలో ఉంచి వడ్డింపవలెను.

ఈ కొలతకు పది పండ్రెండుమందికి సరిపోవు సోర్బెట్టు వచ్చును.

ఇతర ఫలములు

మామిడి గుజ్జు తియ్యనిది గాన కిలోకు 150 గ్రాముల చక్కెరయు ఒక గ్లాసెడు నీరును చాలును. రాలి ఒక ప్రక్క దెబ్బతిన్న పండ్లలో చెడిన భాగమును కోసివేసి మిగిలినది వాడవచ్చును; పులిసిన వాసన వచ్చు పండును మాత్రము తాకరాదు. నిమ్మకాయల ధర పడిపోయి, నకిరేకల్లు బజారునకు మోసినను కూలి గిట్టని దినములలో, గ్లాసెడు నిమ్మరసమునకు మూడు గ్లాసుల నీరును 300 గ్రాముల చక్కెరయు కలిపి చేసికొనవచ్చును. సీతాఫలపు గుజ్జు వేడి తగిలిన చేదెక్కును గాన పాకమును బాగుగ చల్లార్చియే కలుపవలెను. దాని గింజలు విషకరములు. ఒక్కటియైన మిక్సీలో నలుగకుండ ముందుగనే చేతితో ఏఱివేయవలెను.

ఫ్రిజ్జు లేని ఇంట

మేము మిషను పాఠశాలలో చదువుకొనునప్పుడు మా సైన్సు ఉపాధ్యాయులు ఒక గ్లాసులో ఐసుముక్కలును ఉప్పును కలిపి బల్లపై పెట్టిరి. కొంతసేపటికి గ్లాసు వెలుపల తెల్లని మంచు పేరుకొనెను. ఉప్పు తగిలిన ఐసు కరగుచు చుట్టుప్రక్కల వేడిని లాగుకొని, సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలివఱకు పోగలదు. హైదరాబాదులో 1935 లో నిర్మింపబడిన మొజంజాహి మార్కెట్టు అంగళ్ళలో చేతితో త్రిప్పి చేయు పండ్ల ఐస్‌క్రీము పేరు పొందినది ఈ సూత్రముమీదనే.

ఇంటిలో వెడల్పైన బకెట్టు అడుగున ఊక పఱచి, మూడు పాళ్ళు నలుగగొట్టిన ఐసును ఒక పాలు దొడ్డుప్పును పొరలుపొరలుగ వేయవలెను. నడుమ మూతగల స్టీలు డబ్బాలో రసము పోసి దింపి, డబ్బాను అటునిటు త్రిప్పుచు, నడుమనడుమ మూత తీసి అంచులు గీరుచుండిన ముప్పావు గంటలో బిగియును. ఉప్పునీరు లోన పడకుండ చూడవలెను. పని ముగిసినపిమ్మట ఆ నీటిని చెట్ల పాదులలో పోయరాదు. ఉప్పు నేలను చెఱచును.

నీటి విషయము

గడ్డకట్టినంతమాత్రమున నీటిలోని రోగక్రిములు చావవు. కావున కాచిన నీటినే వాడవలెను. 2016 లో ప్రత్యేక జిల్లాగ ఏర్పడకమునుపు సూర్యాపేట నల్లగొండ జిల్లాలోనిది; ఆ జిల్లా బోరునీటి ఫ్లోరైడు కథ మనమెఱిగినదే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు పండ్లను ఎముకలను చెఱచును. కాచినందున అది పోదు. నీరు ఆవిరియై తఱిగినకొలది పాలు హెచ్చును. కావున బోరునీరు గాక శుద్ధిచేసి సరఫరా చేయు త్రాగునీటినే పాకమునకు వాడవలెను.

కరెంటు పోయి కరగిపోయినదానిని మఱల గడ్డకట్టింపరాదు. అప్పుడే షర్బతుగ త్రాగివేయవలెను. మధుమేహము గలవారు దీనికి దూరముగ నుండుట మంచిది. చక్కెర తగ్గించి చేయుటకు వీలులేదని మీరు పైన చూచితిరి. అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రతా చట్టముక్రింద ముందుగ నమోదు చేయించుకొనవలెను.

తుది మాట

ఈ పనితో తోటలోని మంగు కాయలన్నియు చెల్లునని మేము చెప్పము. ఒక సంసారము వేసవియంతయు చేసికొన్నను కొన్ని కిలోలే ఖర్చగును, టన్నులు మిగులును. ఆ టన్నులకు మందు తోటలోనే కలదు. కాయలు గోలీలంత యున్నప్పుడే భూతద్దముతో చూచి, నల్లి కనబడగనే నీటిలో కలియు గంధకపు పొడిని లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి, ఎండ తీవ్రముగ లేని వేళ చల్లవలెను. రెండవ మందు మన సంఘములో కలదు. పాలు నిలువయుండవు గాన ఇచ్చిన ధరకే అమ్ముకొనవలసివచ్చిన గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు 1946 లో సంఘముగ కూడిరి. ఆ బాటలో పెరిగిన అమూల్ 1996 నాటికి ఐస్‌క్రీము అమ్మసాగెను. మన సభ్యులును మచ్చకాయలను ఎవరికి వారు విడివిడిగ వదలుకొనక, ఒకచోట చేర్చి, తొక్కతో పనిలేని రసపు వ్యాపారులతో సంఘము పేర బేరమాడిన, ఒంటరిగ నిలిచినవానికి దొరకని ధరను అడుగగలరు.

రెండవమాఱు సరియైన కొలతతో చేసిన సోర్బెట్టును మోతెలో ఆ ముసలమ్మ చేతికే ముందుగ ఇచ్చితిమి. ఆమె చెంచా గ్రుచ్చి చూచి, తిని, ఏమియు అనక గిన్నెను మఱల మా వైపు చాచెను. వీధిలో గంట మ్రోగినది. పిల్లలు లేవలేదు.