ముందు పరీక్ష, పిదప ప్రోగ్రాము

లెక్కచేయు యంత్రమును నిర్మింపక ముందే అది చెప్పవలసిన జవాబును వ్రాసి పెట్టుకొనుట వింతగా తోచవచ్చును. కాని కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారిలో పలువురు నేడు ఇట్లే చేయుచున్నారు. ముందు పరీక్ష, పిదప కోడు అనునది వారి నియమము. ఈ పద్ధతి ఎట్టిదో ఒక ఉదాహరణముతో వివరించెదము.

మదనపల్లె టమాటా మార్కెట్టు పేరెన్నికగన్నది. 2023 జూలైలో అక్కడ కిలో ధర 150 రూపాయలు దాటినది. కోత కూలియైనను రాక రైతులు కాయలను పారబోసిన దినములును గలవు. ఇట్టి చోట బిల్లులో చిన్న పొరపాటు దొరలినను రైతుకు కష్టమే. పుంగనూరు నుండి సరకు తెచ్చిన రైతు తనకు రావలసిన పైకమును ఫోనులో చూచుకొనుటకు ఒక వెబ్ అప్లికేషను, అనగా ఇంటర్నెట్ ద్వారా బ్రౌజరులో పనిచేయు ప్రోగ్రాము, నిర్మింపదలచితిమనుకొందము.

మొదట మనము కోడు వ్రాయము. 20 క్రేట్లు, క్రేటు 300 రూపాయలు, కమీషను నూటికి 4 అని ఊహింతము. మొత్తము 6,000, కమీషను 240, రైతుకు 5,760. చేతితో కట్టిన ఈ లెక్కయే మొదటి పరీక్ష. దీనిని నడిపినచో తప్పక ఓడును. కోడు ఇంకను లేదు గదా! ఈ ఓటమియు అవసరమే. కోడు లేకున్నను నెగ్గునట్టి పరీక్ష దేనిని పరీక్షించినట్లు?

తరువాత ఆ పరీక్ష నెగ్గుటకు చాలినంత కోడు మాత్రమే వ్రాయవలెను. ఎవరేమి అడిగినను 5,760 అని చెప్పు కోడు సైతము నెగ్గును. అందుచే రెండవ పరీక్ష: 35 క్రేట్లు, క్రేటు 450, జవాబు 15,120. ఇప్పుడు నిజముగా గుణించి తీసివేయక తప్పదు. మూడవది: క్రేట్ల సంఖ్య నింపుట మరచినచో ఆ సంగతి తెలుపవలెను గాని సున్న రూపాయల బిల్లు ఇవ్వరాదు. నాలుగవది: రైతు పేరు తెలుగులో నింపినచో బిల్లులో అదే పేరు అక్షరము చెదరక కనబడవలెను. అన్నియు నెగ్గిన పిదప కోడును నిర్భయముగా చక్కదిద్దుకొనవచ్చును. ఒకచోట సవరించినపుడు మరియొకచోట పాడైనచో పాత పరీక్షలు వెంటనే పట్టి యిచ్చును.

ఈ ఆలోచన నేటిది కాదు. కోడు వ్రాయుటకు ముందే చేతితో లెక్కించిన ఉదాహరణమును సిద్ధపరచుకొనవలెననియు, ప్రోగ్రాము కోరినవారే దానిని తయారుచేయుట మేలనియు 1957లో డేనియల్ మెక్‌క్రాకెన్ తన గ్రంథమున సూచించెను. 2002లో కెంట్ బెక్ పుస్తకము ఈ పద్ధతిని లోకమంతట వ్యాపింపజేసినది. ఆ సంవత్సరమే మన కుప్పములో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ గ్రామస్థులకు కంప్యూటరు, ఇంటర్నెట్ సేవలందించు పథకమును ఆరంభించినది. నాడు సమాచార కేంద్రమునకు పోయి చూచినవి నేడు అరచేతిలో చూచుచున్నాము. వాడుకరులు పెరిగినకొలది ఒక్క తప్పు వలన నష్టపడువారును పెరుగుదురు.

అయితే ఒక హెచ్చరిక. వ్రాసిపెట్టుకొన్న జవాబే తప్పైనచో కంప్యూటరు ఆ తప్పునే పదిలముగా కాపాడును. బిల్లులో హమాలీ కూలి మినహాయింతురని ఎరుగనివాడు వ్రాసిన పరీక్షలన్నియు నెగ్గవచ్చును. బిల్లు మాత్రము తప్పే. కనుక పరీక్ష వ్రాయువాడు కంప్యూటరు ముందు కూర్చుండుటకు మునుపు మార్కెట్టు యార్డునకు పోయి, రైతు ప్రక్కన నిలిచి, అతని బిల్లును ఒకమారు చేతితో కట్టి చూడవలెను.