పురుగుమందు వార్డు ప్రశ్నకు పబ్‌మెడ్‌లో జవాబు

పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎవరైనా పురుగుమందు తాగితే ఆస్పత్రిలో రాత్రంతా మంచం పక్కన ఉండేది నర్సే. విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కుతుంటే నాడి ఎంత ఉంది, ఛాతీలో గురగుర తగ్గిందా, చెమట ఆగిందా అని గంట గంటకూ చూసి రాసేదీ ఆమే. ఆ మందు ఎలా ఇస్తే ఎక్కువమంది బతుకుతున్నారన్న సందేహం ఆమెకు రావడం సహజం. జవాబు ఎక్కడ వెతకాలి?

అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే వైద్య వ్యాసాల సూచిక పబ్‌మెడ్ 1997 నుంచి అందరికీ ఉచితం. ఇలాంటిదే మరొకటి సినాల్, అది ప్రత్యేకంగా నర్సింగ్ పత్రికల కోసం పుట్టింది. 1961లో అచ్చు సూచికగా మొదలైంది. దానికి చందా కట్టాలి కాబట్టి కాలేజీ లైబ్రరీలో అడిగి చూడండి.

అసలు చిక్కు మాటల దగ్గరే. వార్డులో మనం ‘ఓపీ కేసు’ అంటాం. వ్యాసాల్లో ఒకరు ఆర్గనోఫాస్ఫేట్ అంటారు, ఇంకొకరు ఆర్గనోఫాస్ఫరస్ అంటారు. ఒకటే కొడితే రెండోది రాసినవాళ్ల పని చేజారవచ్చు. అందుకే రెంటినీ ‘ఆర్’తో కలిపి బ్రాకెట్‌లో పెట్టండి. తర్వాత ‘యాండ్’ కొట్టి అట్రోపిన్ చేర్చండి. ఆర్, యాండ్ పెద్దక్షరాల్లో ఉండాలి. ఇలాంటి తేడాలన్నిటినీ ఒకే శీర్షిక కిందికి తెచ్చే పదకోశం పబ్‌మెడ్‌లో ఉంది, దాని పేరు మెష్. అయితే పబ్‌మెడ్‌లోని అన్ని వ్యాసాలకూ ఆ శీర్షిక ఉండదు. కనుక మామూలు మాటలతోనూ వెతకాలి.

మిర్చి కోసే కూలీల చేతి మంటదీ ఇదే కథ. ఇంగ్లిష్‌లో మిర్చి స్పెల్లింగే రెండు మూడు రకాలు. ఆ మంట పుట్టించే క్యాప్సైసిన్ పేరుతో కొన్ని వ్యాసాలుంటాయి. చైనా రాష్ట్రం పేరు మీద ‘హునాన్ హ్యాండ్’ అని రాసినవీ ఉన్నాయి.

‘మనకు కావలసింది నర్సింగే కదా’ అని ప్రతి వెతుకులాటకూ ఆ మాట తగిలించడం చాలామంది విద్యార్థులకు అలవాటు. అది నష్టం చేస్తుంది. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో జరిగి 2012లో వెలువడిన ఒక పరీక్ష చూడండి. పాత పద్ధతిలో అట్రోపిన్ ఇచ్చిన 80 మందిలో 18 మంది చనిపోయారు. మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోయి, తర్వాత డ్రిప్‌లో ఇచ్చిన 76 మందిలో చనిపోయింది ఆరుగురే. మన నర్సు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి జవాబు ఏముంటుంది? అయినా ఆ వ్యాసం శీర్షికలో ‘నర్సింగ్’ అన్న మాటే లేదు.

ఊరి పేరుతోనూ ఇదే ఇబ్బంది. వరంగల్ ప్రభుత్వాస్పత్రిలో 1997 నుంచి 2002 వరకు చేరిన 8,040 పురుగుమందు కేసులను పరిశీలించి 2005లో ఒక వ్యాసం వేశారు. వాళ్లలో 22.6 శాతం మంది దక్కలేదు. ఆ శీర్షికలో కనబడేది ‘దక్షిణ భారతం’ మాత్రమే. గుంటూరు అని వెతికేవాళ్లకు అది దొరకదు. 2014కు ముందు వ్యాసాల్లో ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కూడా కలిసే ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

వెతికిన మాటలు యథాతథంగా, తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. థీసిస్ గైడ్ అడిగితే చూపించగలగాలి. దొరికిన వ్యాసాన్ని వార్డు డాక్టరు ముందు పెట్టి మాట్లాడండి. నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకూ ఒక మనవి: ఈ పాఠం థీసిస్ ఏడాది దాకా ఆపకండి, వార్డు డ్యూటీ మొదలైన నాటి నుంచే చెప్పించండి.