గవ్వలు లేని వైకుంఠపాళి

ఆటయనగా ప్రొద్దుపుచ్చుటకే యని తలంచువారు మనలో పెక్కురు. పుస్తకము విడిచి యాటకు పరుగెత్తిన బిడ్డలను మేమును మందలించినవారమే. కాని మన పెద్దలు ఆటను చులకన చేయలేదు. వైకుంఠపాళిని చూడుడు. సుగుణమునకు నిచ్చెనను, దుర్గుణమునకు పామును కల్పించి, వినోదముననే ధర్మమును బోధించిరి.

మొన్న సెలవులలో మా యింట ఆ పటము పఱచినప్పుడు, పెద్దపాము నోటబడిన మా చిన్నది, "అమ్మా! ఇందు నేను చేసిన తప్పేమి? గవ్వలు పడినట్లు నడచితిని గదా!" యని యడిగెను. మాకు వెంటనే బదులు తోచలేదు. తరువాత, అమెరికాలోని కళాశాల విద్యార్థులు కల్పించిన కొన్ని ఆటలనుగూర్చి చదివినపుడు ఆ బదులు దొరకినది.

సూడాను దేశమున పడమట దార్ఫూర్ అను సీమ గలదు. 2003లో నచట యుద్ధము చెలరేగి, లక్షలకొలది జనులు ఇండ్లు విడిచి శిబిరములు చేరిరి. వారి యిక్కట్లను లోకమునకు తెలుపుటకై లాస్ ఏంజెలిస్ నగరమందలి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు 'దార్ఫూర్ ఈజ్ డయింగ్' అను కంప్యూటరు ఆటను కల్పించిరి. అది 2006లో వెలువడెను. అందు శిబిరమునకు నీరు తేవలెను. కుటుంబములో నెవరిని పంపవలెనో ఆడెడివారే నిర్ణయింపవలెను. దారిలో జంజవీద్ సాయుధులు తిరుగుచుందురు. తండ్రిని పంపబోయినచో, మగవాడు చిక్కిన చంపుదురు గనుక వేఱొకరిని ఎన్నుకొమ్మని ఆటయే తెలుపును. ఇక మిగిలినది తల్లియు బిడ్డలును! బిందె మోసి యెఱిగిన యే స్త్రీ హృదయము ఇచట కలగకుండును?

ఒరుల దుఃఖమును ఆటగా చేయుట తగునా యని మాకును సందేహము కలిగెను. కాని హరిశ్చంద్ర నాటకము చూచి కన్నీరు కార్చుట తప్పని యెవరును అనరు గదా! పైగా నాటకము చూచినవారు కన్నులు తుడుచుకొని యింటికి పోవుదురు. ఈ యాటలోనో, తామే యొక బిడ్డను ఆ దారిని పంపవలెను. ఆడినవారు అమెరికా అధ్యక్షునకు విన్నపము వ్రాసికొనుటకును అందు వీలు కల్పించిరి.

ఉద్యోగ శిక్షణకును ఇట్టి యాటలు తోడ్పడినవి. పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు న్యూయార్కు అగ్నిమాపక దళమువారితో కలసి 'హాజ్‌మాట్: హాట్‌జోన్' అను దానిని నిర్మించిరి. విషపదార్థములు వ్యాపించిన ఆపదను శిక్షకుడు తెరపై కల్పించును. నేర్చువారు ఒకరితో నొకరు సంప్రదించుకొని దాని నెదుర్కొందురు. పొరపాటు చేసినను ప్రాణము పోదు. తెలివి మాత్రము మిగులును.

ఇది చదివిన నాడు మేము మా చిన్నదానిని పిలిచి, "వంటయింట గ్యాసు వాసన వచ్చుచున్నది. ఇప్పుడు నీవేమి చేయుదువు?" అంటిమి. "దీపము వేసి చూచెదను" అనెను. "ఇల్లంటుకొన్నది! మరల ఆడుము" అంటిమి. అది చాలసేపు ఆలోచించి, ఏ మీటను ముట్టక, సిలిండరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెఱచెను. ఈ మాఱు పాము నోటబడినది తన తప్పుచేత. నిచ్చెన నెక్కినదియు తన తెలివిచేతనే.

కళాశాలలలో చదువు బిడ్డలుగల తల్లులారా! ఇట్టి యాటలు కల్పింపుమని మీ బిడ్డలను ప్రోత్సహింపుడు. యంత్రము లేని యింటనైనను, "నీవైన నేమి చేయుదువు?" అను ప్రశ్నతో ఆట మొదలిడవచ్చును.