చీకట్లో చూసే కంటికి కరెంటు

పిల్లలూ! మా అత్వెల్లి మేడ్చల్ పక్కనే, నాగపూరు రోడ్డు మీద ఉన్నది. రాత్రిపూట దక్షిణం వైపు చూస్తే హైదరాబాదు దీపాల వెలుగు ఆకాశాన్ని అంటుకుని కనబడుతుంది. అందుచేత అసలైన చీకటి ఎట్లా ఉంటుందో ఇక్కడి పిల్లలకు చూపించడం ఈ రోజుల్లో కష్టమే. అమావాస్య నాడు ఏ కొండల్లోకో, ఎడారికో పోతే మన చేయి మనకే కనబడదు. అటువంటి చోట సరిహద్దు కాసే సైనికునికి, ఎదుట కదిలినది నక్కా, గొర్రెల కాపరా, శత్రువా అన్నది తెలిసి తీరాలి. టార్చిలైటు వేశాడా, ముందుగా తానే ఎదుటివాడి కంట పడతాడు. మరి ఏం చెయ్యాలి?

చీకటి, చీకటి అంటున్నామే గాని అక్కడ వెలుగు బొత్తిగా లేకపోలేదు. నక్షత్రాలున్నాయి గదా! వాటి వెలుగు మన కంటికి చాలదు, అంతే. ఆ కాస్త వెలుగునే వేల రెట్లు పెంచి చూపే గొట్టం ఒకటి ఉన్నది. దాని పేరు ఇమేజ్ ఇంటెన్సిఫయర్.

గాలి తీసేసిన ఈ గొట్టంలో ముందువైపు ఒక పలుచని పూత ఉంటుంది. వెలుగు తగలగానే ఆ పూతలోంచి ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. వాటికి ఎదురుగా ఒక గాజు బిళ్ళ. అది మామూలు బిళ్ళ కాదు, జల్లెడ! అర మిల్లీమీటరు మందమైనా ఉండని ఆ బిళ్ళలో లక్షల కొద్దీ సన్నని రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రం వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది. రంధ్రాలు కాస్త ఏటవాలుగా ఉండటం చేత లోపలికి పోయిన ఎలక్ట్రాను గోడకు కొట్టుకుని మరికొన్నిటిని రాలగొడుతుంది. అవి పోయి ఇంకా కొన్నిటిని. ఒకటి లోపలికి పోతే వెయ్యి దాకా బయటికి వస్తాయి. అవన్నీ వెనుకనున్న ఫాస్ఫరు తెర మీద పడి దానిని పచ్చగా వెలిగిస్తాయి. సైనికుడు చూసేది ఆ తెరనే. పచ్చరంగే ఎందుకంటే, మన కన్ను దానినే బాగా పట్టుకుంటుంది. ఈ మధ్య తెల్లని తెరలు కూడా వచ్చాయి.

ఇంతవరకు చాలా పుస్తకాలు చెబుతాయి. నాకు ముచ్చట గొలిపేది దీని తరువాతి సంగతి. ఎలక్ట్రాన్లు వాటంతట అవి పరుగెత్తవు. లాగాలి. పూత నుంచి జల్లెడ దాకా లాగటానికి కొన్ని వందల వోల్టులు కావాలి. జల్లెడకు 700 నుంచి 1000 దాకా. జల్లెడ నుంచి తెరకు సుమారు 6000! మరి సైనికుని దగ్గర ఉన్నదేమిటి? మీ ఇంట్లో గోడగడియారానికి వేసే 1.5 వోల్టుల బాటరీ. కొన్నిటిలో అది ఒక్కటే ఉంటుంది.

ఒకటిన్నర ఆరు వేలు ఎట్లా అవుతుంది?

గూడ వేసి నీళ్ళు తోడటం మీ తాతగారు చూసే ఉంటారు, అడగండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళ్ళు పట్టుకుని గూడను ముందుకూ వెనక్కూ ఊపి కిందినీళ్ళను గట్టు మీదికి కొడతారు. గట్టు మరీ ఎత్తయితే మధ్యలో గుంట తవ్వి, అక్కడ ఇంకొక జతను నిలబెడతారు. ఈ యంత్రంలో జరిగేదీ అదే. బాటరీ కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతుంది, దానికి ఊపు లేదు. కనుక మొదట ఒక చిన్న సర్క్యూటు దానిని సెకనుకు వేల సార్లు ఊపుతుంది. ఊపు వచ్చాక ట్రాన్స్‌ఫార్మరు దానిని కొన్ని వందల వోల్టులకు పెంచుతుంది. అక్కడి నుంచి మెట్లు. ప్రతి మెట్టు దగ్గర గుంట వంటి కండెన్సరు ఒకటి, పైకెక్కినది కిందికి జారకుండా గట్టు వంటి డయోడు ఒకటి. మెట్టు మెట్టుకూ వోల్టులు పెరుగుతూ పోతాయి.

ఈ మెట్ల పద్ధతితోనే 1932లో కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ అనే ఇద్దరు లక్షల వోల్టులు పుట్టించి లిథియం పరమాణువు గర్భాన్ని చీల్చారు. 1951లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. వారి యంత్రం ఒక గదిని నింపింది. సైనికునిది గొట్టం చుట్టూ గాజులా తొడిగేటంత!

వోల్టులు ఊరికే పెరిగాయనుకునేరు. లెక్క వేయండి. బాటరీ నుంచి 1.5 వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే అది ఒక వాటులో నూటికి మూడు వంతులు. దానినంతా 6000 వోల్టులకు ఎక్కిస్తే మిగిలేది ఆంపియరులో పది లక్షల వంతులు అయిదు మాత్రమే. దారిలో కొంత వృథా పోతుంది గనుక అంత కూడా రాదు. అయినా తెరకు అంతకంటె తక్కువే చాలు.

అసలు చిక్కు వేరే ఉన్నది. జల్లెడకు ఇచ్చే వోల్టులు ఓ యాభై పెరిగితే చాలు, ఎలక్ట్రాన్లు దాదాపు రెట్టింపు అవుతాయి. బాటరీయేమో వాడుతున్న కొద్దీ నీరసపడుతుంది. చలిలో మరీను. మంచుకొండల్లో సైనికులు బాటరీలను కోటు లోపల దాచుకుంటారు. బాటరీ నీరసించినా జల్లెడకు అందే వోల్టులు చెదరకూడదు. అందుకోసం సర్క్యూటు తన ఫలితాన్ని తానే కొలుచుకుంటూ సరిదిద్దుకుంటుంది.

ఇంతలో ఎదుట మంట లేచిందనుకోండి. తెర మీద కరెంటు పెరగటం చూసి సర్క్యూటు జల్లెడ వోల్టులను తగ్గిస్తుంది. వెలుగు ఇంకా ఎక్కువైతే పూతకిచ్చే వోల్టులు వాటంతట అవే పడిపోతాయి. ఎట్లాగంటే, ఆ దారిలో పెద్ద రెసిస్టరు ఒకటి అడ్డం పెట్టి ఉంటుంది. కరెంటు పెరిగిన కొద్దీ వోల్టులను అదే మింగేస్తుంది. ఇవి లేకపోతే పూత కాలి, ఆ చోట మచ్చ పడుతుంది. ఇక ఆ మచ్చ వెనుక ఎవరు నక్కినా కనబడరు.

6000 వోల్టులకు మామూలు గాలిలో రెండు మిల్లీమీటర్ల సందును దాటి మెరుపై దూకే శక్తి ఉంటుంది. కొండల మీది పలుచని గాలిలో ఇంకా సులువు. అందుకని సరఫరా యంత్రాన్నంతా రబ్బరు వంటి సిలికోనులో పోతపోసి, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా బిగిస్తారు. కనబడని ఒక బుడగ చాలు, మెల్లగా లోలోపల కాలి యంత్రం పాడవటానికి.

ఈ పరికరాలు ఎక్కడో విదేశాల్లోనే తయారవుతాయనుకోకండి. మన బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని ఒకటి ఉండేది. బడులకు, కాలేజీలకు ప్రయోగశాల సామాను చేసేది. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకున్నది. అటుపైన అక్కడ రాత్రి దుర్బిణులు తయారు కాసాగాయి. గొట్టాల తయారీకి 1990లో పూనాలో హాలెండు వారితో కలిసి వేరే కంపెనీ పెట్టారు. బందరు దగ్గర నిమ్మలూరులో కొత్త కర్మాగారం 2025 అక్టోబరులో ప్రారంభమైంది.

ఇంకొక్క వింత. మీట ఆపినా తెర వెంటనే ఆరిపోదు. గుంటల్లో నిలిచిన నీళ్ళలాగా కండెన్సర్లలో మిగిలిన విద్యుత్తు అయిపోయేదాకా పచ్చని వెలుగు మెల్లమెల్లగా సన్నగిలుతుంది. అందుకే సైనికుడు మీట ఆపగానే దుర్బిణిని ముఖం నుంచి తీయడు. కాసేపు కంటికి ఆనించే ఉంచుతాడు, తన చెంప మీద ఆ వెలుగు ఎవరికీ కనబడకుండా.