పాత ఇనుప డ్రమ్ముతో మాంసం పొగబెట్టే పొయ్యి: డ్రమ్మును సిద్ధం చేసుకునే విధానం

పెరటి కోళ్లు, మేకలు, చేపలు పెంచే రైతులు 200 లీటర్ల పాత ఇనుప డ్రమ్ముతో తక్కువ ఖర్చులో మాంసం పొగబెట్టే పొయ్యి తయారు చేసుకోవచ్చు. అయితే డ్రమ్ములో ఇంతకుముందు ఏముందో తెలియకుండా పని మొదలుపెడితే ప్రాణాల మీదకు వస్తుంది.

ఎలాంటి డ్రమ్ము కొనాలి?
వంటనూనె, పండ్ల గుజ్జు వంటి ఆహార పదార్థాలు వచ్చిన డ్రమ్మునే తీసుకోండి. చిత్తూరు ప్రాంతంలో మామిడి గుజ్జును సంచుల్లో నింపి, ఆ సంచులను ఇలాంటి డ్రమ్ముల్లో పెట్టి పంపుతారు. వీటి మూత పూర్తిగా ఊడుతుంది కాబట్టి కోయాల్సిన పని ఉండదు.

ఏవి పనికిరావు?
• పురుగుమందులు, రసాయనాలు, థిన్నర్ వచ్చినవి. ఎన్నిసార్లు కడిగినా, కాల్చినా వంటకు పనికిరావు.
• తెల్లగా మెరిసే జింకు పూత ఉన్నవి. బాగా వేడెక్కితే వచ్చే జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.
• పాత సామాన్ల దుకాణంలో కొత్తగా రంగు వేసి, లేబుల్ చెరిపేసినవి.
• రెండు చిన్న బిరడాలు మాత్రమే ఉన్న మూసిన డ్రమ్ములు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి మిగిలి ఉంటే, గ్యాస్ కట్టర్ లేదా గ్రైండర్ పెట్టగానే పేలవచ్చు.

సిద్ధం చేసే విధానం
1. మూత తీసి, దాని రబ్బరు రింగును, బిరడాలను, వాటి వాషర్లను తొలగించండి. మూతలో మిగిలిన బిరడా రంధ్రం పొగ బయటకు పోవడానికి ఉపయోగపడుతుంది.
2. అడుగు నుంచి 5 సెం.మీ. ఎత్తులో చుట్టూ 2 సెం.మీ. వెడల్పున నాలుగు గాలి రంధ్రాలు వేయండి.
3. ఇల్లు, గడ్డివాము, పశువుల కొట్టానికి దూరంగా డ్రమ్మును ఉంచి, లోపల ఎండు కట్టెలతో గంట నుంచి రెండు గంటలు పెద్ద మంట వేయండి. లోపలి పూత, బయటి రంగు కాలిపోవాలి. ఆ పొగ విషం కాబట్టి పొగ మీ మీదకు రాకుండా, గాలి ఏ వైపు నుంచి వీస్తుందో ఆ వైపు నిలబడండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి.
4. డ్రమ్ము దానంతట అదే చల్లారాక తీగ బ్రష్‌తో ఇనుము కనిపించేదాకా రుద్దండి. పూత ఇంకా అంటుకుని ఉంటే మళ్లీ కాల్చండి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. మూతను కూడా ఇలాగే కాల్చి శుభ్రం చేయండి.
5. అడుగు నుంచి 15 సెం.మీ. ఎత్తులో నిప్పులకు, పై అంచుకు 15 సెం.మీ. కింద మాంసానికి జల్లెడలు అమర్చండి. జి.ఐ. మెష్ వాడవద్దు. దానికీ జింకు పూతే ఉంటుంది. మామూలు ఇనుప చువ్వలు లేదా స్టీలు జల్లెడ వాడండి.
6. లోపల వేరుశనగ నూనె పల్చగా రాసి, మూత పెట్టి రెండు మూడు గంటలు సన్నని మంట మీద ఉంచండి. నల్లటి పొర ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. రంగు వేయాలనుకుంటే వేడిని తట్టుకునే రంగును బయటి వైపే వేయండి.

వాడేటప్పుడు
మామిడి, తుమ్మ వంటి ఎండు కట్టెలు వాడండి. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క వద్దు. నిప్పుల నుంచి విషవాయువు వస్తుంది కాబట్టి ఎప్పుడూ ఆరుబయటే వాడండి. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి అందేదాకా ఉడకాలి. ఇలా పొగబెట్టిన మాంసం వరుగుల్లాగా నిల్వ ఉండదు. వెంటనే తినాలి, లేదా రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టాలి.

డ్రమ్ములో ఏముండేదో అమ్మేవారు కచ్చితంగా చెప్పలేకపోతే, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.